నొక్కినోడే పెట్టాలె

పోయినవాటితో మొదలుపెడతాను.

చెప్పులు ఐదు. ఐదు జతలు కాదు, ఐదు చెప్పులు. ఎడమకాలివి మూడు, కుడికాలివి రెండు. జత విరిగాక రెండోది కూడా పోయినట్టే కాబట్టి పది రాయాలని మా ఆవిడ అంటుంది. మిగిలిన ఐదూ నా కళ్ల ముందే మెట్ల కింద పడి ఉంటే పోయాయని ఎట్లా రాస్తాను? ఐదే రాసుకున్నాను. తలుపు ముందు పరిచే పట్ట ఒకటి. బోరు మోటారు పైపు నాలుగడుగుల రెండంగుళాలు. ఎదురింటివాళ్ల కోడిపెట్టలు రెండు. పాలు రెండు లీటర్లు, ఒకే దెబ్బకు. నైలాను తాడు ఒకటి, తోలుపట్టీ ఒకటి. నా కుడి మోకాలి మీద రూపాయి బిళ్లంత చర్మం. క్లిక్కర్లు మూడు. పొద్దున పూటలు ముప్పై ఏడు. పెన్ను ఒకటి.

వేరువేరు వస్తువులను కలిపి కూడకూడదని నాకు తెలుసు. అందుకే కింద గీత గీసి మొత్తం వేయలేదు.

మొన్న ఆదివారం మోటారు గూడు శుభ్రం చేస్తుంటే పైపు వెనక నీలం రంగు క్లిక్కర్ దొరికింది. అంటే పోయిన క్లిక్కర్లు రెండేనని దిద్దుకోవాలి. దుమ్ము తుడిచి బొటనవేలితో నొక్కి చూశాను. లోపలి రేకు తుప్పు పట్టినట్టుంది కానీ టిక్కుమంది. అంతే, వసారాలో పడుకున్న కుక్క ఒక్క ఉదుటున లేచి, తెరిచి ఉన్న గేటులోంచి సందు చివరిదాకా పరుగెత్తింది. దాన్ని వెనక్కి తేవడానికి నాకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. నాకు ఒళ్లు మండింది. కుక్క మీద కాదు. చనిపోయి ఏడాదిన్నర అయిన ఒక మనిషి మీద.

భువనగిరిలో గుట్ట కింద మాకు రెండు పోర్షన్ల ఇల్లుంది. పదో తరగతి తప్పాక నేను మేస్త్రీల వెనక తిరిగి లెక్కలు నేర్చుకున్నాను. ఇల్లు కట్టేవాళ్లకు ఇటుక ఎంత, ఇసుక ఎంత, సలాక ఎంత పడుతుందో కట్టి ఇస్తాను. సందులో అందరూ లెక్కల సారు అంటారు, సగం మర్యాదకు, సగం ఎగతాళికి. కింది పోర్షన్ ఖాళీ అయినప్పుడు దవాఖానలో నర్సుగా చేసే అమ్మాయి ఒకామె కిరాయికి అడగడానికి వచ్చింది. "ఇద్దరమే అన్నా, నేను, మా బాపు" అంది. మూడో రోజు ట్రాలీ ఆటో వచ్చింది. అందులో ఒక మంచం, రెండు ట్రంకు పెట్టెలు, భుజాన గొంగడి వేసుకున్న ముసలాయన, ఆయన పక్కన దూడంత నల్ల కుక్క.

"ఇద్దరన్నావు గదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తల దించుకుంది. ఆటోలోంచి ఆయనే చెప్పాడు. "మనుషులం ఇద్దరమే సారూ."

ఆయనది రామన్నపేట వైపు ఊరు. జీవితమంతా గొర్లు కాసిన మనిషి. మోకాళ్లు పోయాక మందను అమ్మేశాడు. కుక్కను అమ్మలేదు. దాని పేరు కర్రెగాడు.

ఆయనతో వచ్చిన చిక్కేమిటంటే, ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పడు. చేతికర్రను మెడ వెనక అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులూ దాని మీదుగా వేలాడేసి, మన తల మీదుగా ఎటో చూస్తాడు. ఆ చూపు ఎంతసేపు ఉంటుందో నేను లెక్కపెట్టాను, సగటున పదకొండు అంకెలు. వినపడలేదేమోనని మళ్లీ అడిగితే ఆ లెక్క మొదటికొస్తుంది. కర్ర అట్లా అడ్డంగా ఉన్నప్పుడు మా సందులో బండి పోవడానికి జాగా ఉండదు. స్కూటర్లు ఆగేవి, హారన్లు కొట్టేవి. ఆయన కదిలేవాడు కాదు. హారన్ అంటే గొర్లు తప్పుకోవాల్సిన సంగతి, తనకేం సంబంధం అన్నట్టు ఉండేవాడు.

ఒకసారి అడిగాను. "కాకా, మీ మందల మొత్తం ఎన్ని గొర్లుండె?"

పదకొండు లెక్కపెట్టాను.

"ఎన్నడు లెక్కవెట్టలే సారూ."

"మరి సాయంత్రం దొడ్డిలకు తోలేటప్పుడు ఒకటి తప్పిపోతె ఎట్ల తెలుస్తది?"

"ఒకటి తక్కువున్నదని తెలుస్తది."

"మొత్తం ఎన్నో తెల్వకుండ ఒకటి తక్కువని ఎట్ల తెలుస్తది కాకా?"

నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూశాడు. "ఎవలు రాలేదో కనవడ్తది గద సారూ."

ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. ముప్పై ఏళ్లుగా మొత్తం కట్టి, అందులోంచి తీసేసి, మిగిలింది చూసే మనిషిని నేను. మొత్తం లేకుండా తక్కువ ఎట్లా వస్తుంది? మా ఆవిడ నవ్వింది. "ఇంటికి రాని బిడ్డ కోసం ఎదురుచూసే తల్లి, ముందుగాల ఊరి జనాభా లెక్క తీస్తదా ఏంది?" అంది. ఆమె ఎప్పుడూ ఆయన వైపే.

ఆయన వైపు ఉన్నందుకు ఆమెకు దొరికింది మణికట్టు బెణుకు. మా సందు చివరి నుంచి రోజూ పొద్దున ఒక మేకల మంద గుట్ట వైపు పోతుంది. కర్రెగాడు పుట్టాక తాడు ఎరగదు. పట్నంలో కుక్కను వదిలేయకూడదని కూతురు పోరితే, ఆయన మెడకు పట్టీ వేసి తాడు పట్టుకుని బయటికి తెచ్చాడు. మేకలు కనపడ్డాయి. కుక్క లాగింది. ఆయన తాడు వదల్లేదు, వెనకే పరుగెత్తాడు. పాలబూతు నుంచి వస్తున్న మా ఆవిడ మధ్యలో ఉంది. రెండు లీటర్లు రోడ్డు మీద. ఆపడానికి అడ్డం పోయిన నేను కంకర మీద. అప్పుడాయన అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"వాని తప్పేం లేదు సారూ. వాడు డ్యూటికి పోతాండు."

నేను ఆ సాయంత్రమే గడువు పెట్టాను. ముప్పై రోజులు. మా గేటు నుంచి పాలబూతుకు రెండు వందల పన్నెండు అడుగులు. పోను, రాను కుక్క ఒక్కసారి కూడా లాగకుండా నడవాలి. నడిస్తే ఉండొచ్చు. లేకపోతే కుక్క పోవాలి.

"కుక్క ఏడుంటె నేనాడ" అన్నాడాయన. ఆ ఒక్కసారి మాత్రం పదకొండు పట్టలేదు.

రాత్రి డ్యూటీకి పోయే ముందు కూతురు మెట్ల మీద నిలబడి మాట్లాడింది. "అన్నా, బాపు ఊరికి పోతె ఒక్కడే ఉంటడు. చక్కెర బీమారి ఉన్నది. గుండె గూడ మంచిగ లేదు. నేను గోలీలు చేతిల పెడితెనే మింగుతడు. జర చూడన్నా." ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. ఎంత మోతాదు, ఎన్ని పూటలు అని చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది. గడువు పెట్టింది నేనే. కాబట్టి ఆ గడువులో పని అయ్యేట్టు చూడాల్సిన బాధ్యత కూడా నా మీదే పడింది. ఇదీ నా ఖర్మ.

నేను ఫోన్లో చదివాను. మూడు రోజులు చదివాను. క్లిక్కర్ అని ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఉంటుంది. లోపల ఒక రేకు. నొక్కితే టిక్కుమంటుంది. కుక్క తాడు లాగకుండా మన పక్కన నడిచిన క్షణంలో నొక్కాలి, వెంటనే తినడానికి ఏదైనా పెట్టాలి. కొన్నాళ్లకు ఆ చప్పుడంటేనే బహుమానం అని కుక్కకు అర్థమవుతుంది. ముఖ్యమైన నియమం ఒకటే: నొక్కితే పెట్టి తీరాలి. పొరపాటున నొక్కినా పెట్టాలి. ఒక్కసారి ఎగ్గొట్టినా ఆ చప్పుడు మీద నమ్మకం పోతుంది.

ఇదంతా ఆయనకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. కర్ర మెడ వెనకకు పోయింది. నేను పదకొండు దాటి పద్నాలుగు దాకా లెక్కపెట్టాను.

"నువ్వు నొక్కి నేను పెడితె?"

"ఎవరు పెడితే ఏంది కాకా?"

"గట్ల కాదు సారూ. నొక్కినోడే పెట్టాలె. మాటిచ్చినోడొకడు, తీర్చెటోడొకడయితె వాడెవన్ని నమ్మాలె?"

నేను చదివినదాంట్లో ఎక్కడా ఈ నియమం లేదు. కానీ ఆయన దాన్ని చట్టం చేసేశాడు.

మొదటిది నల్లది, ఫోన్లో తెప్పించాను. తినడానికి గొర్రె కార్జం ఉడికించి శనగగింజంత ముక్కలు కోశాడాయన. ముక్కలు సమానంగా లేవని నేను, కుక్కకు స్కేలు లేదని ఆయన. క్లిక్కర్ లేకుండా తొలిరోజు కుక్క లాగినవి నలభై ఆరు. క్లిక్కర్‌తో మర్నాడు యాభై మూడు. నొక్కినప్పుడల్లా చిత్రంగా ముందుకు ఉరికేది. చప్పుడు సరిగా వినపడటం లేదేమోనని నేను లెక్కగట్టి, పెద్ద చప్పుడు చేసే పసుపుపచ్చది తెప్పించాను. అరవై ఒకటి. నల్లది ఆయన చేతిలోంచి జారి మోరీలో పడింది. పసుపుపచ్చదాన్ని కుక్క నమిలింది.

మూడోది మాత్రం తానే చూసి తెచ్చుకుంటానన్నాడు. బస్సెక్కించి ఉప్పల్ తీసుకుపోయాను. కుక్కల సామాను అమ్మే దుకాణంలో ఐదు రకాలున్నాయి. ఆయన వాటిని ముట్టుకోలేదు. దుకాణం కుర్రాడితో "ఒక్కొక్కటి కొట్టు, నేను చెప్పెదాంక ఆపకు" అని, ట్రాఫిక్‌లో అడ్డంపడి రోడ్డు దాటి, అవతలి ఫుట్‌పాత్ మీద మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కర్ర మెడ వెనక అడ్డంగా.

"చాచా ఏం చేస్తుండు అంకుల్?" అన్నాడు ఆ కుర్రాడు.

నాకు తర్వాత తెలిసింది. జాతరలో గొర్రెకు గంట కొనేటప్పుడు అట్లాగే కొంటారట. ఒకడు గంట పట్టుకుని ఆడిస్తుంటే, కొనేవాడు దూరం పోయి వెనక్కి తిరిగి వింటాడు. గుట్ట అవతలికి పోయిన గొర్రె గంట ఇవతలికి వినపడాలి, పక్కవాడి మంద గంటతో కలవకూడదు. చేతిలో పట్టుకుని విన్నవాడు మోసపోతాడట. ఆ లెక్కన క్లిక్కర్ కొనడానికి మాకు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. కుర్రాడికి బొటనవేలు వాచింది. "చాచా, గిది కుక్కకు, నీకు గాదు" అని చివరికి అరిచాడు. ఆయన వెనక్కి వచ్చి నీలందాన్ని చూపించాడు. "గిదొక్కటే వేరే తీర్గ ఇనవడ్తాంది."

మర్నాడు యాభై ఎనిమిది.

పంతొమ్మిదో రోజు నేను కాగితాలు విసిరేశాను. "ఎందుకు కాకా? నొక్కగానే ఎందుకు ఉరుకుతాంది?"

ఆయన జవాబు చెప్పకుండా నాలుకను అంగిటికి ఆనించి లాగి ఒక్క చప్పుడు చేశాడు. ట్క్. కర్రెగాడు కట్టేసిన స్తంభం కదిలేట్టు ముందుకు దూకింది.

"గిది మా పొమ్మనే సప్పుడు సారూ. మంద ముంగటికి ఉరికి మల్లెయ్యాలంటె గిట్లంట. నీ డబ్బీలన్ని గదే మాట మాట్లాడ్తానయి."

ఇన్నాళ్లుగా మేము కుక్కకు ముందుకు ఉరకమని చెప్పి, లాగకుండా నడవలేదని దాని మీద లెక్కలు రాస్తున్నాం.

"ఈ మాట మొదటి రోజే ఎందుకు చెప్పలే?"

పదకొండు.

"నువ్వు అడిగినవా? నువ్వు చెప్పినవ్, నేనిన్న. అందుకే గద వేరే సప్పుడు ఏరుకుందామని ఉప్పల్ దాంక వస్తి. దూరంకెళ్లి నీలంది వేరేగనే ఇనవడ్డది. దగ్గర వింటె గదే."

గుట్ట అవతల ఉన్న గొర్రె కోసం ఏరే పద్ధతిలో, నాలుగడుగుల తాడు చివర ఉన్న కుక్క కోసం ఏరాడు. నేనేమో చప్పుడు పెద్దదా చిన్నదా అని కొలిచాను కానీ, ఆ చప్పుడు కుక్కకు ఏం చెబుతుందో ఒక్కసారీ అడగలేదు. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నేను ఇప్పటికీ తేల్చలేదు. నీలం క్లిక్కర్‌ను ఎటు విసిరానో చూడలేదు. మొన్న తెలిసింది.

మెట్ల మీద కూర్చున్నాను. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. నాకు ఆలోచిస్తూ పెన్ను వెనక బొడిపె నొక్కుతూ ఉండే అలవాటుంది. మా ఆవిడ దాన్ని ఎలుక పళ్లు కొరికే చప్పుడు అంటుంది. నొక్కుతూ ఉన్నాను. తల ఎత్తితే కర్రెగాడు నా ముందు కూర్చుని, తల ఒక పక్కకు వంచి, పెన్ను వైపే చూస్తోంది.

"ఆపకు సారూ" అన్నాడాయన మెల్లగా. తర్వాత చెయ్యి చాపాడు. "ఇటియ్యి."

"ఇది నా లెక్కల పెన్ను కాకా."

"ఇయ్యాల్టి సంది వాని పెన్ను."

ఇరవయ్యో రోజు నలభై. ఇరవై నాలుగో రోజు ఇరవై రెండు. ఇరవై ఎనిమిదో రోజు తొమ్మిది. ఆయన పెన్ను ఒక చేతిలో, తాడు ఇంకో చేతిలో, కార్జం ముక్కలు చొక్కా జేబులో పెట్టుకుని నడిచేవాడు. ఆ జేబు వాసనకు ఊరి పిల్లులన్నీ వెనకపడేవి. నేను మూడు గజాల వెనక నుంచి లాగినప్పుడల్లా కాగితం మీద గీత గీసేవాణ్ని, పెన్సిల్‌తో. ముప్పయ్యో రోజు మూడు.

"మూడంటే సున్నా కాదు" అన్నాను ఇంట్లో.

"మూడుకు సున్నకు నడుమ నీ ఆస్తేమన్న పోతాందా?" అంది మా ఆవిడ, కట్టు ఉన్న చేత్తోనే చాయ్ గ్లాసు నా ముందు కొట్టినట్టు పెట్టి. "పడ్డదాన్ని నేను. గడువు నీదేందయ్యా?"

కింద ఆయన ట్రంకు పెట్టె సర్దుకుంటున్నాడు. నా మాట మాటే అనుకున్నాడు. నేను కిందికి పోయి, మధ్యలో ఏడు రోజులు తప్పుడు చప్పుడుతో పోయాయి కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేస్తున్నానని చెప్పాను. నిజానికి పోయింది ఏడు కాదు, పంతొమ్మిది. ఆయన నన్ను చాలాసేపు చూశాడు.

"లెక్క తప్పినవ్ సారూ" అని మాత్రం అన్నాడు. పెట్టె మూత తెరిచి, పైన మడిచి పెట్టిన గొంగడి తీసి మళ్లీ దండెం మీద వేశాడు.

ముప్పై ఏడో రోజు మేకలు ఎదురొచ్చినా సున్నా.

ఆ తర్వాత పదకొండు నెలలు మా కింది పోర్షన్‌లో ఉన్నాడు. పెన్ను తిరిగి ఇవ్వలేదు. రీఫిల్ అయిపోయిందన్నా ఇవ్వలేదు. "వాడు రాస్తడా ఏంది" అనేవాడు. సందులో స్కూటర్లు ఇప్పుడు కర్ర కోసమూ, కుక్క కోసమూ ఆగేవి. ఆయన ఒక్కో ముక్క పెట్టినప్పుడల్లా జేబు వైపు చూసుకోకుండానే ఎన్ని మిగిలాయో తెలిసినట్టు ఉండేవాడు. ఎన్ని అని అడిగితే చెప్పలేడు.

ఒకరోజు పొద్దున నేను టేపు సంచిలో పెట్టుకుని ఒక ఇంటి కొలతలకు బయలుదేరుతున్నాను. ఆయన, కుక్క గేటు దగ్గర ఉన్నారు. మేకల మంద ఆ రోజు సందులోకే వచ్చేసింది. ఒక మేకపిల్ల తప్పిపోయి సరిగ్గా కర్రెగాడి ముక్కు ముందు నిలబడి అరిచింది. కుక్క ఒళ్లంతా వణికింది. కానీ తాడు బిగుసుకోలేదు. ఆయన పెన్ను నొక్కాడు. జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి ఉత్తగా వచ్చింది.

"ఒకటి తక్కువున్నది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఒకటి బాకీ వడ్డ. రాస్కో సారూ, నేను మర్షిపోత" అన్నాడు. అన్ని నెలల్లో ఏదైనా రాసుకొమ్మని ఆయన నాతో అన్నది ఆ ఒక్కసారే.

"మా ఫ్రిజ్‌ల ఏమన్న ఉంటదేమొ చూస్త" అన్నాను.

"నొక్కింది నేను. జర పట్టుకో, కార్జం తెస్త." తాడు నా చేతిలో పెట్టాడు. అదీ మొదటిసారే. కర్ర మెడ వెనక వేసుకుని, ఎవరో ఆటోవాడి హారన్ లెక్కచేయకుండా, మాంసం దుకాణం వైపు నడిచాడు.

దుకాణం ముందే కూలబడ్డాడని, ఆటోలో కూతురు పనిచేసే దవాఖానకే తీసుకుపోయారని, ఆమె చేతుల్లోనే ప్రాణం పోయిందని నలభై నిమిషాల తర్వాత ఫోన్ వచ్చింది. ఆ నలభై నిమిషాలూ నేను గేటు దగ్గర, కొలతలకు ఆలస్యమవుతోందని ఆయన్ను తిట్టుకుంటూ నిలబడ్డాను. కుక్క ఆయన పోయిన వైపు చూస్తూ కూర్చుంది. ఒక్కసారీ లాగలేదు.

మట్టి చేసే ముందు కూతురు పెన్ను నాకు చూపించింది. "మీదే గదన్నా, తీసుకుంటరా?" అంది. వద్దన్నాను. ఆమె దాన్ని మళ్లీ ఆయన జేబులో పెట్టింది. అందుకే అది పోయినవాటిలో ఉంది.

ఆ అమ్మాయి ఇంకా కింది పోర్షన్‌లోనే ఉంటోంది. పొద్దున డ్యూటీ ఉన్న రోజుల్లో కర్రెగాణ్ని పాలబూతు దాకా నడిపించేది నేనే. అదే రకం పెన్ను ఇంకోటి కొన్నాను. లెక్కలు చేసుకుంటూ పొరపాటున ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు లేచి పెట్టి వస్తున్నాను. రోజుకు ఒక ఇంటి ఇటుకల లెక్క కూడా తేలడం లేదు. నా వైపు నుంచి బాకీ ఏమీ లేదు.

ఆయన బాకీ కూడా తీరుద్దామని ఒకసారి నొక్కకుండా ఒక ముక్క పెట్టాను. కుక్క తినేసింది. తిని, సందు చివర ఆయన పోయిన వైపు చూసింది. ఆ బాకీని కొట్టేయడానికి కాగితం తీశాను. కానీ నొక్కినవాడే పెట్టాలి. మొత్తం ఎన్ని పెట్టాడో ఆయనా చెప్పలేదు, నేనూ రాయలేదు. అయినా తక్కువెంతో తెలుస్తూనే ఉంది.

ఒకటి.